ఇంటిల్లిపాదికీ ఒకే అంకె

లైప్‌జిగ్‌లో ఉన్న చి. ల. సౌ. మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

బాబుకి టైప్ 1 షుగర్ అని తేలిన దగ్గర్నుంచి నీకు సలహాలకు కొదవ లేదని తెలుసు. అన్నం మాన్పించమని ఒకరు, మంచి ఇన్సులిన్ పంపు పెట్టిస్తే చాలని ఇంకొకరు, పెద్దవాడైతే తనే చూసుకుంటాడని మరొకరు. వీటిలో ఏది పట్టుకోవాలో, ఏది వదిలేయాలో చెప్పే ఆధారాలు చాలావరకు నువ్వున్న దేశంలోనే ఉన్నాయి. ఉల్మ్ విశ్వవిద్యాలయంలో 1995 నుంచి నడుస్తున్న డీపీవీ రిజిస్ట్రీలో వేలాది పిల్లల షుగర్ లెక్కలు ఏటా చేరుతున్నాయి. ఆ లెక్కలూ, బయటి అధ్యయనాలూ కలిపి చూస్తే నాకు తేలింది ఇది: మందులూ పరికరాలూ అందుబాటులో ఉన్నచోట, పిల్లాడి చుట్టూ ఉన్న పెద్దలంతా ఒకే లక్ష్యాన్ని పట్టుకున్నారా లేదా అన్నదే షుగర్ అదుపులో పెద్ద తేడా తెస్తుంది.

హ్విడోర్ అధ్యయన బృందమని పిల్లల డయాబెటిస్ నిపుణుల బృందం ఒకటుంది. 2005లో వాళ్ళు పలు దేశాల్లోని 21 కేంద్రాల్లో, 11 నుంచి 18 ఏళ్ళ మధ్య వయసున్న రెండు వేల మందికి పైగా పిల్లలను పరిశీలించారు. ఎక్కడా ఇన్సులిన్‌కు కొరత లేదు. అయినా గత రెండు మూడు నెలల షుగర్ తీరును శాతంలో చెప్పే హెచ్‌బీఏ1సీ సగటు ఒకచోట 7.4 ఉంటే మరోచోట 9.2 ఉంది. రోజుకెన్ని సూదులు, ఏ రకం ఇన్సులిన్ అన్న లెక్కలతో ఈ తేడాకు జవాబు దొరకలేదు. జవాబులో కొంత వాళ్ళు 2010లో ప్రచురించిన విశ్లేషణలో కనిపించింది. లక్ష్యం తక్కువగా పెట్టుకుని, సిబ్బంది అంతా ఒకే అంకె చెప్పిన కేంద్రాల్లో ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి. తల్లిదండ్రులూ పిల్లలూ మనసులో పెట్టుకున్న అంకెకు కూడా ఫలితంతో సంబంధం కనిపించింది. షుగర్ ఎలాగూ బాగున్నవాళ్ళే తక్కువ లక్ష్యం పెట్టుకుంటారు కదా అని నువ్వు అడగొచ్చు. కుటుంబాల విషయంలో ఆ అనుమానం సబబే. కానీ ఒక ఆస్పత్రిలో డాక్టరూ నర్సూ ఒకే మాట చెప్పడమన్నది ఏ ఒక్క పిల్లాడి షుగర్‌ని బట్టీ వచ్చేది కాదు. అందుకే ఈ ఆధారాన్ని నేను తేలిగ్గా తీసుకోను.

ఇంట్లో తలా ఒక అంకె పట్టుకుంటే ఎలా ఉంటుందో చూడు. సాయంత్రం ఐదింటికి బాబు ఒంటికున్న షుగర్ సెన్సర్ 210 చూపిస్తుంది. నువ్వు ఎక్కువంటావు, అల్లుడుగారు ఆటకు వెళ్తున్నాడు కదా ఉండనీ అంటారు, మీ అమ్మ ఫోన్‌లో కంగారు పడుతుంది. పిల్లాడికి అర్థమయ్యేది ఒక్కటే, పెద్దవాళ్ళకే తెలియదని. పైగా మీ ఊళ్ళో ఇంకో చిక్కుంది. మీరున్న తూర్పు జర్మనీలో షుగర్‌ని మిల్లీమోల్స్‌లో చెప్పడం అలవాటు, పశ్చిమాన, మన దగ్గరా మిల్లీగ్రాములే. అక్కడి 6.5 ఇక్కడి 117. అదే 6.5 హెచ్‌బీఏ1సీ అయితే అర్థమే వేరు. మీ ఆస్పత్రి ఏ లెక్క వాడితే ఇంట్లో అందరూ దానికే అలవాటు పడండి. అంతర్జాతీయంగా పిల్లలకు ఒప్పుకున్న లక్ష్యం రోజులో 70 శాతానికి పైగా సమయం షుగర్ 70–180 మధ్య, అంటే మిల్లీమోల్స్‌లో 3.9–10 మధ్య ఉండడం. హెచ్‌బీఏ1సీ 7 లోపు, కొత్త పరికరాలు అందుబాటులో ఉంటే 6.5కి మించకుండా. మీ బాబుకి ఎంతన్నది మాత్రం మీ డాక్టరే చెప్పాలి.

అంత గట్టిగా పట్టుకుంటే షుగర్ పడిపోదా అన్నది నీ అసలు భయం. అది ఉత్తుత్తి భయం కాదు. గట్టి అదుపు కళ్ళనూ కిడ్నీలనూ నరాలనూ కాపాడుతుందని 1993లో రుజువు చేసిన అమెరికా డీసీసీటీ అధ్యయనమే, షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం దాదాపు మూడింతలైందనీ చూపింది. కానీ ఆనాటి ఇన్సులిన్లు వేరు, సెన్సర్లు లేవు. 1995 నుంచి 2012 దాకా జర్మనీ, ఆస్ట్రియా పిల్లల లెక్కలు తీస్తే, హెచ్‌బీఏ1సీ తక్కువగా ఉండడానికీ తీవ్రమైన లో షుగర్‌కీ మధ్య ఉన్న ముడి ఏళ్ళు గడిచేకొద్దీ బాగా సడలిపోయింది. ఆ భయంతో రోజూ 200 దగ్గర ఉంచడం పిల్లాడికి మేలు చేయదు.

ఇక పరికరాలు. జర్మనీలో 2016 నుంచి ప్రభుత్వ ఆరోగ్య బీమా సెన్సర్ ఖర్చు భరిస్తోంది. ఆ అవకాశాన్ని వదులుకోవద్దు. 2017లో వచ్చిన డీపీవీ విశ్లేషణలో పంపు వాడే పిల్లలకు తీవ్రమైన లో షుగర్లూ, ఇన్సులిన్ చాలక రక్తంలో ఆమ్లాలు పెరిగే కీటోఅసిడోసిస్ కూడా తక్కువ. అయితే హెచ్‌బీఏ1సీలో తేడా చూడు: పంపుతో 8.04, సూదులతో 8.22. పంపు భద్రత పెంచింది, లక్ష్యం దగ్గరికి మాత్రం తనంతట తాను చేర్చలేదు. తనే ఇన్సులిన్ సర్దుకునే ఇప్పటి పంపులు ఇంకా మెరుగే, కానీ వాటికీ పిల్లాడు ఏం తింటున్నాడో ముందుగా చెప్పాల్సిందే.

తిండి మాటకొస్తే, అన్నం మాన్పించొద్దు, తూచి పెట్టు. వండిన అన్నం 100 గ్రాముల్లో పిండిపదార్థం సుమారు 28 గ్రాములు. అక్కడి లెక్కలో 10 గ్రాములు ఒక కేఈ కాబట్టి దాదాపు మూడు కేఈలు. గరిటెల లెక్క రోజుకో తీరుగా ఉంటుంది, వంటింటి త్రాసు అలా మారదు. ఇన్సులిన్ తిన్నాక కాకుండా, తినడానికి పావుగంట ముందు ఇస్తే అన్నం తెచ్చే పోటు చాలా తగ్గుతుంది. షుగర్ అప్పటికే తక్కువగా ఉంటే ఏం చేయాలో మాత్రం మీ బృందాన్ని అడుగు.

ఇంకో నాలుగేళ్ళలో మీసాలొచ్చే వయసు వస్తుంది. ఎదుగుదల హార్మోన్లు ఇన్సులిన్‌కి అడ్డుపడతాయి, నిన్నటి మోతాదు ఇవాళ చాలదు. అప్పుడు అంకె పెరిగితే దొంగతిండి తిన్నావని వాడిని నిలదీయొద్దు. తిట్లు తినే పిల్లలు అంకెలు దాచడం నేర్చుకుంటారు. వయసొచ్చిందని బాధ్యతంతా వాడి నెత్తిన పెట్టి మీరు తప్పుకోవద్దు కూడా. సరిగ్గా ఆ ఏళ్ళలోనే అదుపు ఎక్కువగా తప్పుతుంది.

చివరగా, కాస్త మొహమాటం లేకుండా చెప్పాల్సిన మాట. జర్మనీలో వలస కుటుంబాల పిల్లల్లో సగటు హెచ్‌బీఏ1సీ ఎక్కువనీ, పంపుల వాడకం తక్కువనీ డీపీవీ లెక్కలే చెబుతున్నాయి. భాష పూర్తిగా రాకపోయినా తలూపి వచ్చేయడం మన అలవాటు. ఈసారి ఆస్పత్రికి ఇద్దరూ వెళ్ళండి, అవసరమైతే అనువాదకుణ్ణి అడగండి. మా బాబు లక్ష్యం ఎంత అని డాక్టర్నీ, శిక్షణ ఇచ్చే నర్సునీ విడివిడిగా అడగండి. ఇద్దరి మాటా ఒకటి కాకపోతే, అది తేలేదాకా అక్కణ్ణుంచి కదలొద్దు. తేలిన అంకెను బాబు టీచరుకీ, హైదరాబాద్‌లో మీ అమ్మకీ, నాకూ రాసి పంపు.

ఆశీస్సులతో,
పెదనాన్న