విత్తనపు కాయలు, ఇంటి పద్దు

నైరుతి ఋతుపవనములు పడమటి కనుమలను దాటి వచ్చునప్పటికే తడియారిపోవుటయు, ఈశాన్య ఋతుపవనములు తూర్పు తీరమున కురిసి కురిసి యిచటికి చేరువేళకు బలహీనమగుటయు అనంతపురపు మెట్టసీమకు అనాదిగా దక్కిన భాగ్యము. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. రాజస్థానములోని జైసల్మేరు తరువాత దేశమున అత్యల్ప వర్షపాతము గల జిల్లా యన్న ఖ్యాతి. జానెడు లోతున గులకరాయి తగిలెడి యెఱ్ఱనేల. ఇట్టి చోట పుట్టి పెరిగినవానికి డబ్బును గూర్చిన తలంపు, ఏటేట మూడు పంటలు చూచెడి కాలువ క్రింది పల్లెలో పెరిగినవాని తలంపుతో ఏకీభవింపదు. ఆదాయము సమానమైనను, చదువు సమానమైనను, వ్యయము చేయు చేయి వేఱుగా నుండును. ఆ చేతికి అలవాటు నేర్పినది జీతము గాదు, బాల్యము.

కొంతకాలము క్రిందటి వరకు ఈ సీమ పల్లెలలో ధాన్యమును పాతర వేయుట పరిపాటి. గట్టినేలలో, మూతి యిరుకుగా లోపల విశాలముగా గుంత త్రవ్వి, చుట్టును గడ్డి పేర్చి, అందు జొన్నలు నింపి, పైన మఱల గడ్డి పఱచి మట్టితో మూసెడివారు. మూసిన పాతరను తీయుట పెద్దల పని. మూత తొలగించిన తోడనే యెవ్వరును లోనికి దిగరాదు. లోపలి వేడియు చెడుగాలియు వెడలువఱకు వేచియుండి, వెలుగుచున్న దీపమును త్రాటితో దింపి, అది ఆరకుండ నిలిచిన పిమ్మటనే మనిషి దిగవలెను. గట్టున నిలిచి యిదంతయు చూచుచున్న బాలునకు రెండు పాఠములు పుస్తకము లేకయే వచ్చెడివి: దాచినది ఆపత్కాలమునకని యొకటి, దాచినదానిని తీయుటకును ఒక పద్ధతి, ఒక ఓర్పు కావలెనని రెండవది. రెండవ పాఠము మొదటిదానికంటె అరుదైనది. కూడబెట్టుట పలువురకు వచ్చును. ఎప్పుడు, ఎంత, ఎందులకు తీయవలెనో తెలిసినవారు కొలదిమంది.

వేరుశనగ వచ్చిన పిమ్మట పాతరలు పూడిపోయెను గాని పాఠము వెంటనే పోలేదు. ముంగారు వానకు ముందు, వైశాఖ జ్యేష్ఠముల యెండలో, పంచకొట్టములలో కూర్చుండి విత్తనపు కాయలు ఒలుచుట ఇంటిల్లిపాదికి పని. కాయను బొటనవ్రేలితో నొక్కి, పైపొర చిట్లకుండ గింజను వేఱుచేయవలెను. పొర చిట్లిన గింజ సరిగా మొలవదు. వ్రేళ్ళు వాచిన పిల్లవాడు ఊరకుండక ఒక గింజను నోటికి చేర్చబోవును. అవ్వ తలయెత్తకుండనే, “ఇత్తనం కాయరా అబ్బీ, నోట్లో ఏసుకోవద్దు” అనును. ఆ మాటలో కోపము లేదు, ఉపదేశము లేదు. ఎదుట రాశిగా నున్నను తినరాని వస్తువొకటి కలదని, అది తమదే యయ్యును తమది కాదని, వచ్చు కార్తెలో నేలకు చెల్లవలసినదని ఏడేండ్ల పసివానికి అప్పుడు బోధపడెడిది. మూలధనమునకును భోగ్యవస్తువునకును గల భేదమును ఇంతకంటె స్పష్టముగా చెప్పిన ఆచార్యుని నేనెఱుగను.

ఈ శిక్షణకు వెనుక పెద్ద దుఃఖ చరిత్ర కలదు. 1876లో మొదలై రెండేండ్లపాటు దక్షిణాపథమును దహించిన ధాత కరువులో మన సీమ చేరిన దత్తమండలము అత్యంత నష్టమునకు లోనయ్యెను. ఆ కరువులోనే సర్ రిచర్డ్ టెంపులు అను దొరవారు సహాయపు పనులు చేయు కూలికి దినమునకు ఒక పౌను ధాన్యమును, దానితో కొలది పైకమును చాలునని లెక్కకట్టిరి. 1952 ప్రాంతమున సీమలో గంజి కేంద్రములు తెఱవవలసి వచ్చెను. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’లో పాడినది ఆ తరము బ్రదుకునే. గంజికై వరుసలో నిలిచిన బిడ్డ పెద్దవాడై అన్నము మెతుకు క్రింద పడనీయకుండుటలో వింత యేమున్నది? అయితే కరువు మనుష్యులను సద్గుణవంతులను చేయునని పొగడెడి వారితో నేను ఏకీభవింపను. కరువు చంపును, మిగిలినవారిని భయపెట్టును. పొదుపు ఆ భయమునకు పుట్టిన సంతానములలో ఒకటి మాత్రమే. లోభము, అనుమానము, బ్యాంకుపై అపనమ్మకము, ఇంట నున్నదంతయు బంగారముగా మార్చి మూటకట్టు అలవాటు దాని తోబుట్టువులు.

బాల్యానుభవము జీవితాంతము వెన్నాడుననుటకు పరదేశ పండితులును సాక్ష్యమిచ్చిరి. ఉల్రికె మాల్మెండియర్, స్టెఫాన్ నాగెల్ అను ఇరువురు ఆర్థికవేత్తలు అమెరికా కుటుంబముల వివరములను 1960 మొదలు 2007 వఱకు పరిశీలించి, 2011లో ప్రకటించిన వ్యాసమున, తమ జీవితకాలమున మార్కెట్టు పతనములను చూచినవారు పిదప ఎన్నేండ్లయినను వాటాలలో సొమ్ము పెట్టుటకు జంకుదురని నిరూపించిరి. 1930ల నాటి మహామాంద్యమును చూచిన పిల్లలు ముదిమిలోను జంకిరి. ఆ సిద్ధాంతమును అనంతపురమునకు అన్వయింపబోయినచో మాత్రము ఒక చిక్కు ఎదురగును. కరువు చూచిన మన రైతు వాటాల వంటి పలు విషయములందు జంకువాడే. అతడే నీటి విషయమున మహా సాహసి. ఒక బోరు ఎండిన రెండవది, రెండవది ఎండిన మూడవది, వందల అడుగుల లోతునకు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అప్పుతెచ్చి వేయించును. బండ చీల్చుకొని వచ్చు ఆ తెల్లని రాతిపొడిలో తడి జాడకై చూచుచు రాత్రియంతయు యంత్రము ప్రక్కన నిలుచును. చిన్ననాడు దేనిలేమి మనలను బాధించునో, పెద్దయైన పిమ్మట దానియొద్ద మన వివేకము పనిచేయదు. ఎండిన బావిని చూచి పెరిగినవాడు నీటికై అప్పుచేయును. తండ్రి అవమానపడగా చూచినవాడు పెండ్లికై అప్పుచేయును. ఇది చదువువారు తమ తమ బలహీనస్థానమును తామే వెదకికొనవలసిన చోటు.

పైకము ఈ సీమకు వచ్చిన విధమును కూడ చెప్పవలెను. కొఱ్ఱలు, సజ్జలు, అరికెలు, జొన్నలు పండిన చేలలో క్రమముగా వేరుశనగ ఆక్రమించెను. 1986లో కేంద్ర ప్రభుత్వము నూనెగింజల సాంకేతిక మిషనును నెలకొల్పి ప్రోత్సహించుటతో ఆ వ్యాప్తి మఱింత ఊపందుకొనెను. కొఱ్ఱలు తినుటకు పండించెడివారు. వేరుశనగ అమ్ముటకు పండించిరి. గాదెలోనికి రావలసిన పంట మండీకి పోయెను, మండీ నుండి నోట్లు వచ్చెను. గాదెను ఎట్లు వాడవలెనో తరతరములుగా తెలిసిన కుటుంబమునకు నోటును ఎట్లు వాడవలెనో నేర్పినవారు లేరు. గాదెలో ధాన్యము తఱుగుట కంటికి కనబడును; మండీవాని ఖాతాలో వడ్డీ పెరుగుట కనబడదు. 1990ల నడుమ వంటనూనెల దిగుమతికి ద్వారములు తెఱచినప్పుడు పామోలిన్ చవుకయై పట్టణవాసులకు మేలు జరిగెను. వేరుశనగ ధరకు గట్టి పోటీ యెదురై ఈ మెట్టరైతు నలిగెను. పిదప రాయితీ విత్తనము ప్రభుత్వమే పంచజొచ్చెను. అది అవసరమైన సహాయమే, కాదనను. కాని వరుసలో నిలిచి తెచ్చుకొను మూట వచ్చిన యిండ్లలో అవ్వ చెంత కూర్చుండి కాయలు ఒలుచు పిల్లవాని పని తఱిగెను, ఆ పనితో కూడిన బోధయు తఱిగెను.

అంతకంటె పెద్ద మార్పు తల్లిదండ్రుల సంకల్పమున వచ్చినది. “మేము పడిన పాట్లు మా పిల్లలు పడరాదు” అని ఆ తరమువారు ఒట్టు పెట్టుకొనిరి. ఎంత ఉదాత్తమైన సంకల్పము! దానిని నెఱవేర్చుటకై వారు సంగటి తిని పిల్లలకు వరియన్నము పెట్టిరి; పొలము తాకట్టుపెట్టి కళాశాలకు పంపిరి. అందుతోపాటు ఇంకొక పనియు చేసిరి: ఇంటి లెక్కను పిల్లల కంటబడనీయలేదు. అప్పులవాడు వాకిట నిలిచిన “నువ్వు లోపలికి పో” అనిరి. ఎరువుల అంగడి చీటీని దూలము సందున దాచిరి. కష్టమును తొలగింపబోయి కష్టమును గూర్చిన జ్ఞానమును తొలగించిరి. అట్లు పెరిగిన యువకుడు నేడు బెంగుళూరులోనో, 2019 నుండి కార్లు తయారుచేయుచున్న పెనుకొండ చెంతనున్న కియా కర్మాగారపు చుట్టుప్రక్కలనో ఉద్యోగమున చేరి, మొదటి నెల జీతముతోనే సెల్‌ఫోనును, ఆఱవ నెలలో మోటారుసైకిలును కంతులపై కొనును. వానిని దుబారామనిషి యని నిందించుట సులభము. తన చదువునకై తాకట్టుపడిన పొలము ఇంకను విడిపింపబడలేదని వానికెవ్వరు చెప్పిరి?

ఇట్టి యిండ్లు లక్షలు కూడినప్పుడు అది దేశపు లెక్క యగును. స్వాతంత్ర్యము వచ్చిన క్రొత్తలో మన దేశమున పొదుపు జాతీయాదాయములో పదింట ఒక వంతు ప్రాంతముననే యుండెను. 2007-08 నాటికి అది మూడింట ఒక వంతును మించెను. పోస్టాఫీసు పుస్తకములలోను, బ్యాంకు డిపాజిట్లలోను, జీవిత బీమాలోను కొంచెము కొంచెముగా కుటుంబములు దాచిన సొమ్మునకు దేశములోని ఆనకట్టలలో, రైలుమార్గములలో, కర్మాగారములలో వాటా కలదు. అటువంటిది 2022-23 నాటికి కుటుంబముల నికర ద్రవ్యపొదుపు స్థూలదేశీయోత్పత్తిలో సుమారు 5 శాతమునకు, అనగా దాదాపు ఐదు దశాబ్దులలో ఎన్నడును లేనంత దిగువకు, జారెను. ఇండ్లు, స్థలములు కొనుటకు చేసిన అప్పులును ఇందులకొక కారణమే గనుక దీనిని కేవలము విలాసమని చెప్పరాదు. మఱియు 2019 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున వ్యవసాయ కుటుంబములలో 93.2 శాతము ఋణగ్రస్తములు. దేశపు సగటు 50.2 శాతమే. కుటుంబమునకు సగటు అప్పు మన రాష్ట్రమున రెండు లక్షల నలుబదియైదు వేల పైచిలుకు.

అందరును పొదుపు చేసిన చాలునా యనిన, చాలదు. ఎల్లరు ఒక్కసారి చేయి ముడిచినచో ఎల్లరి రాబడియు తగ్గునని 1936లో కీన్సు పండితుడు వివరించెను. ఆ సంగతి ధర్మవరపు నేతగానికి ఏ పండితుడును చెప్పనక్కఱలేదు. సీమలో పెండ్లిండ్లు వాయిదాపడిన యేట వాని మగ్గము నిలుచును. మఱియు దినకూలికి, చేతిలో మిగులే లేనివానికి, మితవ్యయమును బోధించుట క్రూరమైన పరిహాసము. నేను కోరునది తక్కువ వ్యయము కాదు, తెలిసిన వ్యయము.

ఆ తెలివి నేర్పవచ్చుననుటకు మనయొద్దనే ఆధారము కలదు. సారా వ్యతిరేకోద్యమము తరువాత నెల్లూరు జిల్లాలో స్త్రీలు రోజుకొక రూపాయి చొప్పున దాచి పొదుపు సంఘములు కట్టుకొనిరి. ఆ పద్ధతి అనంతపురముతో సహా రాష్ట్రమంతట వ్యాపించెను. దాని బలము రూపాయిలో లేదు. వారమునకొకమాఱు పదిమంది నడుమ చాపపై కూర్చుండి, ఎవరెంత కట్టిరి, ఎవరెంత తీసికొనిరి అని పద్దును బిగ్గరగా చదువుటలో ఉన్నది. ఆ వెలుతురు లేని చోట, త్వరత్వరగా అప్పులు అంటగట్టిన సూక్ష్మఋణ కంపెనీలు చొఱబడి, 2010 అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చు వఱకు వచ్చిన సంగతి మనకందఱకు తెలిసినదే. జపాను దేశమున హాని మోతొకొ అను విదుషి 1904లోనే గృహిణులకై ఇంటి లెక్కల పుస్తకమును ప్రచురించెను. ‘కాకేబో’ యనెడి ఆ పద్దుపుస్తకము నేటికిని అచట వాడుకలో నున్నది. నెల మొదట ఆదాయమును, కట్టక తప్పని ఖర్చులను, దాచదలచినదానిని వ్రాసి, నెల చివర జరిగినదానితో పోల్చి చూచుకొందురు. మహావిద్య యేమియు కాదు. చేతితో వ్రాయుటవలన మనస్సు ఒక క్షణము ఆగును. ఆ క్షణమే చాలును.

కావున, చదువరులారా, మీ యింట పదేండ్లు నిండిన బిడ్డ యున్నచో, జీతము వచ్చిన నాడో, పంట అమ్మిన నాడో, కూలి ముట్టిన నాడో, ఆ సొమ్మును బిడ్డ ముందఱ పెట్టి లెక్కింపుడు. అంగడిబాకీ యెంత, కంతు ఎంత, బడి ఖర్చు ఎంత, వడ్డీకి పోవునది ఎంత యని బిడ్డచేతనే వ్రాయింపుడు. అప్పు ఉన్నచో అప్పును దాచకుడు. నామోషీ యని వెనుదీయకుడు. వచ్చు ముంగారునకు విత్తనమునకై తీసిపెట్టవలసినది ఎంతయో కూడ వానినే అడుగుడు. మొదటి నెలలో తప్పు చెప్పును. మూడవ నెలకు సరిగా చెప్పును.