కలప - పలక

‘కలప’ అను మాటను చివరినుండి చదివి చూడండి, ‘పలక’ అవుతుంది. మూడక్షరాలలో ఒక్కటీ మారలేదు, మారినది అమరిక. నూలు విషయమూ ఇంతే. మంగళగిరి నేతగాడు దానిని పడుగు పేకలుగా (ఉర్దూలో మనం తానా బానా అంటాము) కూర్చితే చీర అవుతుంది. వెనుకటి జాలరి నూలునే ముడివేసి వల అల్లేవాడు. ‘మెటామెటీరియల్’ రహస్యము కూడా ఇదే.

గాజు కాంతిని వంచుట దానిలోని పరమాణువుల గుణము. మెటామెటీరియల్‌లో ఆ పనిని మనిషి వరుసగా అమర్చిన చిన్న తీగలు, వలయాలు చేస్తాయి. అయితే ఆ అమరిక తరంగదైర్ఘ్యముకంటె బాగా చిన్నదై ఉండవలెను. దూరమునుండి చూస్తే దోమతెర కన్నాలు కనబడక ఒకే వస్త్రమువలె తోచును గదా! అట్లే తరంగమునకు ఆ తీగలు విడివిడిగా గాక ఒకే పదార్థమై తోచును.

ఈ మార్గమున తొలి అడుగు వేసినవారిలో మన దేశీయుడు జగదీశ్ చంద్ర బోసు ఒకరు. 1898లో ఆయన కలకత్తాలో, ధాన్యపు గోనెలకు వాడే జనపనారనే మెలిపెట్టి, దాని గుండా విద్యుత్తరంగాలను పంపారు. తరంగము కంపించే దిశ తిరిగినది. కుడి మెలికకు ఒక వైపు, ఎడమ మెలికకు మరొక వైపు! నార ఒక్కటే కనుక కారణము మెలికయే.

1967లో రష్యా శాస్త్రజ్ఞుడు వెసెలాగో, కాంతిని విపరీత దిశలో వంచు పదార్థాన్ని ఊహించారు. 2000లో అమెరికాలో రాగి తీగలు, వలయాలతో అటువంటిది మైక్రోతరంగాల కొరకు సిద్ధమైనది. 2006లో డ్యూక్ విశ్వవిద్యాలయములో ఒక రాగి స్తూపము చుట్టూ ఇట్టి కవచము అమర్చగా, కృష్ణ నీరు బండరాతిని చుట్టి మరల కలిసినట్లు మైక్రోతరంగాలు దానిని చుట్టి సాగినవి. మరుగు సంపూర్ణము కాదు. కంటికి ఆ స్తూపము కనబడుతూనే ఉన్నది. మైక్రోతరంగాలకు మిల్లీమీటర్ల వలయాలు చాలును. కాంతి తరంగదైర్ఘ్యము 400 నుండి 700 నానోమీటర్లే కనుక అమరిక అంతకంటె సూక్ష్మము కావలెను. మాయకంబళి కథకు, శాస్త్రమునకు గల దూరమిదే.

మాతృభాషలో చదివినవారికి విజ్ఞానము అందదని కొందరు విద్యార్థులు దిగులుపడుతున్నారు. బోసు తొలి చదువు బెంగాలీ బడిలోనే సాగినది. అక్కడ ఆయన సరసన కూర్చున్నవారు ఒక జాలరి బిడ్డ, తండ్రి వద్ద పనిచేసే ముస్లిము సేవకుని కుమారుడు. తరువాత ఆయన చేతికి అందినది జనపనార. మన చేతికి అందినదేమిటో మనము చూచుకొనవలెను. దాని అమరిక మన బుద్ధిలో ఉన్నది.