అడ్మిషన్ ఫారంలో ఏ వివరానికి ఏ గడి?



ఈ నెల కంప్యూటర్ పీరియడ్‌లో మీ పిల్లలు ఒక ఆన్‌లైన్ అడ్మిషన్ ఫారం తయారు చేస్తున్నారు. ఫారాలు నింపడం మనకు అలవాటే. తయారు చేసేవాళ్లు మాత్రం ప్రతి గడి దగ్గరా ఆగి, ఇక్కడ వచ్చే జవాబు ఎలాంటిదని ఆలోచించాలి.

'మీడియం' అడిగితే జవాబు ఒక్కటే. దానికి రేడియో బటన్లు సరిపోతాయి. పాత కారు రేడియోల్లో ఒక మీట నొక్కితే అంతకుముందు నొక్కింది పైకి లేచేది. ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది. అలర్జీల సంగతి వేరు. పల్లీలు, గుడ్డు రెండూ పడని పిల్లలుంటారు. అక్కడ కూడా రేడియో బటన్లే పెడితే అమ్మ ఒక్కదాన్నే ఎంచుకోగలదు, రెండోది స్కూలుకు తెలియనే తెలియదు. అందుకే అక్కడ చెక్‌బాక్సులు పెట్టాలి. జాబితాలో లేనివి రాయడానికి ఒక ఖాళీ గడి, దాంతోపాటు 'ఏ అలర్జీ లేదు' అనే ఎంపిక కూడా ఉండాలి. అది లేకపోతే, టిక్ పెట్టని ఫారం చూసి అలర్జీ లేదనుకోవాలా, చూడకుండా వదిలేశారనుకోవాలా?

పుట్టిన తేదీకి మామూలు గడి ఇస్తే ఒకరు 05/04/2015 అని రాస్తారు. మనకది ఏప్రిల్ 5, అమెరికాలో ఉండే మేనమామ నింపితే మే 4. రేపు పదో తరగతి మెమోలో పడాల్సిన తేదీ అది! నెల నెలా వెనక్కి జరిపే క్యాలెండర్ పెట్టినా చిక్కే: పదేళ్ల బిడ్డ పుట్టిన నెలకు చేరాలంటే 120 సార్లు నొక్కాలి. రోజు, నెల పేరు, సంవత్సరం మూడూ విడివిడిగా అడగడం మేలు.

ఫోన్, ఆధార్, అడ్మిషన్ నంబర్లు అంకెలే అయినా వాటితో ఎవరూ కూడికలు చేయరు. వాటిని సంఖ్యలుగా తీసుకుంటే 0047 కాస్తా 47 అయిపోవచ్చు. అంకెలు మాత్రమే తీసుకునే టెక్స్ట్ గడి చాలు. ఆధార్‌కైతే 12 అంకెలు ఉన్నాయో లేదో కూడా చూడాలి.

పేరుకు మాత్రం ఒకే పొడవాటి గడి ఇవ్వాలని మా అభిప్రాయం. ఇంటిపేరు ముందు రాసే మనల్ని 'ఫస్ట్ నేమ్', 'లాస్ట్ నేమ్' అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కోలా నింపుతారు.

ఈ ఆదివారం మీ ఇంటి టిఫిన్ల మీద ఒక ఫారం కాగితంపై గీయమని మీ పిల్లలకు చెప్పండి. నింపేది నాన్నమ్మో తాతయ్యో అయితే మరీ మంచిది. వాళ్లు ఎక్కడ పెన్ను ఆపి 'ఇక్కడేం రాయాలిరా?' అంటే, ఆ గడిని మార్చి గీయించి సోమవారం క్లాసుకు పంపండి.