కొత్త నీటిలో చేపపిల్ల

నీరు చేపకు ప్రాణాధారమని చిన్న తరగతులలోనే చదువుకున్నాము. కాని ఒక నీటికి అలవాటుపడిన చేపకు మరొక నీరు ప్రాణాంతకం కావచ్చునన్న సంగతిని తరచు మరచిపోతుంటాము.

శ్రీశైలం జలాశయంలో బొచ్చె, రోహు మొదలైన చేపల పిల్లలను విడుస్తూ ఉంటారు. చెరువులలో పెరిగిన ఆ పిల్లలు ప్రాణవాయువు నింపిన పాలిథిన్ సంచులలో ప్రయాణించి వస్తాయి. వాటిని ఒక్కసారిగా కుమ్మరించరాదు. ఎండ తగ్గిన వేళ, మూతి కట్టిన సంచులను పదిహేను, ఇరవై నిమిషాలు నీటిపై తేలనిచ్చి, పిమ్మట మూతి విప్పి జలాశయపు నీటిని లోనికి రానివ్వాలి. పిల్లలు తమంతట తామే ఈదుకొని వెలుపలికి పోవాలి. అవి బ్రతికితేనే మత్స్యకారుని వల నిండుతుంది.

దీనికి కారణమేమి? చేప శీతరక్త జీవి; దాని దేహోష్ణత నీటిననుసరించి మారుతుంది. అంతేకాక, మంచినీటి చేప రక్తంలో చుట్టూ ఉన్న నీటిలోకంటె లవణాలు అధికం. అందువలన నీరు మొప్పల ద్వారా నిరంతరం లోనికి చొరబడుతుంది. మూత్రపిండాలు దానిని వెలుపలికి పంపుతాయి. నీటి గుణం హఠాత్తుగా మారితే ఈ సమతౌల్యం చెడుతుంది.

గాజుతొట్టిలోని సుకుమారమైన చేపలకు ఈ జాగ్రత్త మరింత అవసరం. అమెజాన్ ప్రాంతపు నియాన్ టెట్రా లవణాలు తక్కువగా గల మెత్తని నీటికి చెందినది. రాయలసీమలో అనేక చోట్ల బోరునీరు కఠినజలం. గప్పీ, మోలీ వంటివి ఆ నీటిని సహిస్తాయి. టెట్రాను తెచ్చినప్పుడు మాత్రం సంచి ఉష్ణోగ్రత తొట్టితో సమానమైన పిదప, తొట్టినీటిని కొద్దికొద్దిగా, కొన్ని నిమిషాల కొకసారి కలుపుతూ అలవాటు చేయాలి. కుళాయినీటిలో క్లోరిన్ ఉంటే ముందుగా తొలగించాలి.

ఇచ్చట ఒక హెచ్చరిక. దీర్ఘ ప్రయాణంలో సంచిలో బొగ్గుపులుసు వాయువు, అమ్మోనియా రెండూ పేరుకుంటాయి. మొదటిది నీటికి ఆమ్లత్వాన్నిచ్చి రెండవదాని విషాన్ని అణచి ఉంచుతుంది. సంచి విప్పగానే వాయువు వెలుపలికి పోతుంది. ఆమ్లత్వం తగ్గి అమ్మోనియా విషమవుతుంది. కనుక దూరం నుండి వచ్చిన చేపల విషయంలో సంచి విప్పిన పిదప ఆలస్యం పనికిరాదు. సంచినీటిని తొట్టిలో పోయక, చేపను మాత్రమే వలతో తీసి విడవాలి.

కావున విద్యార్థులారా, చేపను కొనుటకు ముందే నీటిని పరీక్షించండి. నీటికి తగిన చేపను ఎన్నుకొనుట, చేపకై నీటిని మార్చుటకంటె సులభం.