ఉద్యోగము పోయిన ఇంట అప్పుల లెక్క

ఋణశేషమును, అగ్నిశేషమును, శత్రుశేషమును మిగులనీయరాదని పెద్దలు చెప్పుదురు. జీతము వచ్చుచున్న దినములలో అప్పు నివురుగప్పిన నిప్పువంటిది. నెల మొదట కిస్తీ పోవుచుండును. దాని వేడి ఇంటిలో ఎవరికిని తగులదు. జీతము ఆగిన నెలలోనే ఆ నిప్పు బయటపడును. అప్పుడు ఆ ఇంటి యజమాని సాధారణముగా చేయు మొదటి పని దానిని దాచుట. భార్యకు చెప్పడు, తండ్రికి చెప్పడు, అప్పిచ్చినవానికి అసలే చెప్పడు. ఒక అప్పు తీర్చుటకు మరియొక అప్పు చేయును. ఇల్లు మునుగుట ఉద్యోగము పోవుటవలన కంటె ఈ దాపరికమువలననే ఎక్కువ.

ఈ విషయము మనకు రెండు విధముల సంబంధించినది. మనలో పలువురు నగల వర్తకము, తాకట్టు, బట్టల వ్యాపారము చేయువారు. పని పోయినవాడు మొదట మెట్లు ఎక్కునది సేటు దుకాణమే. రెండవది, నేడు మన పిల్లలందరును గద్దెమీద కూర్చుండుట లేదు. కర్మాగారములలోను, బెంగుళూరు కంపెనీలలోను జీతములకు పోవుచున్నారు. కాబట్టి అప్పిచ్చువానిగాను, అప్పుపడినవానిగాను కూడ మనము ఈ పాఠమును నేర్వవలెను.

మన ప్రాంతపు స్థితి

హోసూరు ఒకప్పుడు సేలము జిల్లాలోని చిన్న ఊరు. 1965 లో ధర్మపురి జిల్లాలోనికిని, 2004 లో కొత్తగా ఏర్పడిన కృష్ణగిరి జిల్లాలోనికిని వచ్చినది. 1980 దశాబ్దమునుండి సిప్‌కాట్ పారిశ్రామిక వాడలో అశోక్ లేలాండ్, టి.వి.ఎస్., టైటాన్ వంటి పెద్ద కర్మాగారములును, వాటికి విడిభాగములు చేసి ఇచ్చు చిన్న కార్ఖానాలును పెరిగినవి. కృష్ణగిరి వైపున మామిడి తోటలు, గుజ్జు తీయు కర్మాగారములు ఉన్నవి. మామిడి గుజ్జు పని కాయల కాలముతో ముగియును.

ఇట్టి ఊళ్లలో పెద్ద కర్మాగారము ఒక్క వారము ఆగినను దాని దెబ్బ చిన్న కార్ఖానాకు, అక్కడి ఒప్పంద కూలికి, అతడు సరుకులు కొను దుకాణమునకు వరుసగా తగులును. 2019 లో వాహనముల అమ్మకములు పడిపోయినపుడు సెప్టెంబరు నెలలో అశోక్ లేలాండ్ తన హోసూరు కర్మాగారములలో 5 పనిలేని దినములు ప్రకటించినది. మరుసటి సంవత్సరము మార్చి 25 న దేశమంతటను లాక్‌డౌన్ వచ్చినది. అప్పుడు రిజర్వు బ్యాంకు అనుమతితో బ్యాంకులు 2020 మార్చి 1 నుండి ఆగష్టు 31 వరకు కిస్తీలను వాయిదా వేసినవి. చాలమంది దానిని మాఫీ అనుకొనిరి. అసలుపై వడ్డీ నడుచుచునే ఉండెను. వడ్డీపై వడ్డీ మాత్రము కూడదని సుప్రీంకోర్టు 2021 మార్చి 23 న తీర్పు చెప్పినది. వాయిదా వేరు, మాఫీ వేరు: ఆ సంవత్సరము మన ఊళ్లకు నేర్పిన పాఠమిది.

తొలి పని: కాగితముపై పెట్టుట

మన దుకాణములలో దీపావళికి పాత ఖాతాలు ముగించి, కొత్త పుస్తకములకు పూజ చేయుదుము. జమ, ఖర్చు, నిలువ తేల్చనిదే నిద్రపోము. ఆ అలవాటునే ఇంటి అప్పులకు వర్తింపజేయవలెను. పని పోయిన వారములోనే భార్యాభర్తలు కూర్చుండి ప్రతి అప్పును ఒక కాగితముపై వ్రాయవలెను. అసలెంత, నూటికి నెలకు వడ్డీ ఎంత, తాకట్టు ఏమి ఉన్నది, ఎవరు హామీ నిలిచినారు అను నాలుగు సంగతులు చాలును.

ఉదాహరణకు ఒక ఇంటి లెక్క చూతము.

బంగారు నగల తాకట్టు: అసలు రూ. 1,00,000, నూటికి 1 రూపాయి, నెలకు వడ్డీ రూ. 1,000.
క్రెడిట్ కార్డు బాకీ: అసలు రూ. 60,000, నూటికి మూడున్నర, నెలకు రూ. 2,100.
ప్రోనోటు: అసలు రూ. 50,000, నూటికి 2, నెలకు రూ. 1,000.
బావమరిది ఇచ్చిన చేబదులు: రూ. 40,000, వడ్డీ లేదు.

మొత్తము అప్పు రూ. 2,50,000, నెల వడ్డీ రూ. 4,100. ఇందులో కార్డు బాకీ మొత్తము అప్పులో నాల్గవ వంతైనను లేదు. కాని వడ్డీలో సగమునకు మించి అదియే తినుచున్నది. కాగితముపై పెట్టనంతవరకు ఈ సంగతి ఇంటివారికి కనబడదు. వారు బావమరిది మొగము చూచి సిగ్గుపడి ముందు అతని బాకీ తీర్చుటకు తొందరపడుదురు.

రోజు వసూలు అప్పును, అనగా తండల్ అప్పును, ప్రత్యేకముగా లెక్కవేయవలెను. రూ. 20,000 నోటు వ్రాయించుకొని చేతికి రూ. 17,000 ఇచ్చి, రోజుకు రూ. 200 చొప్పున 100 రోజులు వసూలు చేయుదురు. వినుటకు మూడు వేలే వడ్డీవలె తోచును. అసలు దినదినము తగ్గిపోవుచున్నది గనుక, సరిగా లెక్కించినచో అది నూటికి నెలకు సుమారు 10 రూపాయల వడ్డీ. వర్తకుల బిడ్డలకు ఈ లెక్క తెలియకపోరాదు.

ఏది ముందు, ఏది తరువాత

ఉద్యోగము విడిచినవానికి కొంత సొమ్ము రావలసియుండును. 5 ఏండ్లు నిండిన పనివానికి ఏడాదికి 15 రోజుల జీతము చొప్పున గ్రాట్యుటీ, నిబంధనల ప్రకారము భవిష్యనిధి సొమ్ము, కొన్ని సందర్భములలో తొలగింపు పరిహారము లభించును. ఇట్లు లక్ష రూపాయలు చేతికి వచ్చినవనుకొందము. నగలు విడిపించుకొందమని ఇంటిలో మొదట మాట వచ్చును. అట్లు చేసినచో లక్షయు పోయి, నెల వడ్డీ వెయ్యి మాత్రమే తగ్గును. ఇంటిలో బియ్యమునకు డబ్బుండదు. నెల తిరుగకముందే ఆ నగలు మరల తాకట్టుకు పోవును.

దానికి బదులు, ఇంటి ఖర్చు నెలకు రూ. 12,000 అయినచో మూడు నెలలకు రూ. 36,000 ముందుగా తీసి ఉంచవలెను. తిండి, అద్దె, పిల్లల చదువు, మందులు అందులో జరుగును. మిగిలిన రూ. 64,000 లో కార్డు బాకీ 60,000 తీర్చివేయవలెను. నెల వడ్డీ 4,100 నుండి 2,000 కు దిగును. ఇంకను పని దొరకనిచో నగలలో ఒక భాగమును అమ్మి తక్కినవి విడిపించుకొనుట మేలు. నూటికి రూపాయి వడ్డీయైనను కట్టనిచో మూడేండ్లలో లక్షకు 36,000 అగును. తరువాత నగ వేలమునకు పోవును.

ఇక అప్పిచ్చినవారి ఎదుటికి పోవుట. కిస్తీ తప్పిన తరువాత పోవుటకంటె తప్పకముందు పోవుట గౌరవము. "అయ్యా, నా పని పోయినది. ఇదిగో నా లెక్క. మూడు నెలలు వడ్డీ మాత్రము కట్టుదును, అసలుకు గడువు ఈయండి" అని కాగితము చూపి అడిగినవానిని వర్తకుడు తేలికగా త్రోసివేయడు. కట్టిన ప్రతి పైకమునకు నోటు వెనుక చెల్లు వేయించుకొనవలెను, లేదా రసీదు తీసికొనవలెను. నోటి మాటపై కట్టిన సొమ్ము కోర్టులో నిలువదు.

చేయరాని పనులు

ఖాళీ చెక్కులపై సంతకము చేసి ఈయరాదు. చెక్కు తిరిగి వచ్చి, నోటీసు అందిన 15 రోజులలో చెల్లింపనిచో అది నేరవిచారణకు దారితీయును. చీటీ పాట పాడుకొని ఆ సొమ్ముతో పాత అప్పు తీర్చుట తెలివిగా తోచును; కాని పాడుకొన్న చీటీకి చివరి నెలవరకు కట్టవలెను. ఆస్తిని భార్యపేరను, బావమరిదిపేరను వ్రాసి దాచరాదు. "ఐ.పి. పెట్టినాడు" అని మనము హేళనగా అనుచుందుము. అది 1920 నాటి దివాలా చట్టము క్రింద కోర్టులో వేయు అర్జీ. ఆ చట్టము ప్రకారము దివాలా అర్జీ వేయుటకు ముందు రెండేండ్లలోపల వెలలేకుండ చేసిన బదిలీలను కోర్టు రద్దు చేయవచ్చును. నిజాయితీగల ఋణగ్రస్తునికి ఐ.పి. చివరి ఆశ్రయమే, దాచుకొన్నవానికి అదియే ఉచ్చు.

చట్టము ఇచ్చు ఆశ్రయము

ఋణగ్రస్తుని కాపాడుటలో మన ప్రాంతమునకు ఒక చరిత్ర కలదు. హోసూరు సమీపమున తొరపల్లిలో 1878 లో పుట్టిన చక్రవర్తి రాజగోపాలాచారి, మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉండగా 1938 లో వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టము వచ్చినది. 1932 అక్టోబరు 1 కి పూర్వపు అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలువయున్న వడ్డీని అది కొట్టివేసినది. అసలునకు రెండింతలు అప్పటికే చెల్లించిన రైతుకు అప్పంతయు తీరినట్లే చెప్పినది. అది రైతులకే గాని జీతగాండ్రకు కాదు. అయినను వడ్డీకి ఒక హద్దుండవలెనను భావము మన గడ్డకు కొత్తది కాదని దానివలన తెలియును.

నేడు జీతగాండ్రకు ఉన్న రక్షణలు వేరు. భవిష్యనిధిలోని సొమ్మును, గ్రాట్యుటీని అప్పులవారు జప్తు చేయింపజాలరు. డిక్రీ వచ్చినను కట్టుబట్టలు, వంటపాత్రలు, పక్కబట్టలు, పనివాని పనిముట్లు, స్త్రీ ఆచారరీత్యా విడువరాని ఆభరణము జప్తుకు రావు. బ్యాంకు వసూలుదారులు ఉదయము 8 కి ముందును, సాయంత్రము 7 తరువాతను ఫోను చేసి పీడింపరాదని రిజర్వు బ్యాంకు 2022 లో శాసించినది. వివాదము ముదిరినచో లోక్ అదాలత్‌లో రాజీ చేసికొనవచ్చును. అక్కడ కోర్టు రుసుము లేదు.

రోజు వడ్డీ, గంట వడ్డీ, కందు వడ్డీ, మీటరు వడ్డీ, తండల్ అనువానిని తమిళనాడు 2003 లోనే చట్టముచేత నిషేధించినది. అయినను 2017 అక్టోబరులో తిరునెల్వేలి కలెక్టరు కార్యాలయమున ఒక కూలి కుటుంబము, ఇద్దరు పసిబిడ్డలతోసహా, వడ్డీ బాధకు బలియైనది. చట్టము పుస్తకములో ఉన్నంతమాత్రమున చాలదు. ఇరుగుపొరుగు తోడు నిలువవలెను. అప్పులవలన బ్రతుకుమీద విసుగు పుట్టినవానిని ఒంటరిగా విడువరాదు. అప్పు ఎంతటిదైనను దానికి ఒక రాజీ ధర ఉండును, ప్రాణమునకు లేదు.

అప్పిచ్చినవాని ధర్మము

హేమచంద్రాచార్యులు 12 వ శతాబ్దిలో యోగశాస్త్రమున గృహస్థునకు చెప్పిన 35 గుణములలో మొదటిది న్యాయార్జిత ధనము. రాబడికి తగిన వ్యయము కూడ వానిలో ఒకటి. రెండవది అప్పు తీసికొనువానికి చెప్పినట్లును, మొదటిది అప్పిచ్చువానికి చెప్పినట్లును మనము గ్రహింపవచ్చును. తత్త్వార్థసూత్రము సత్యవ్రతమునకు చెప్పిన అతిచారములలో కూటలేఖ, న్యాసాపహారము ఉన్నవి. కూటలేఖ అనగా దొంగ పత్రము. న్యాసాపహారము అనగా నమ్మి ఉంచిన సొమ్మును అపహరించుట. చేతికి 17 వేలిచ్చి 20 వేలకు నోటు వ్రాయించుట, ఖాళీ నోటుపై సంతకము పుచ్చుకొనుట మొదటిదానికి ఎంత దూరము? వేలములో అప్పు, ఖర్చు పోను మిగిలిన పైకము నగ కుదువబెట్టినవానిది. ఆ సంగతి అతనికి చెప్పక ఊరకుండుట రెండవదానికి ఎంత దూరము?

పని పోయిన మనిషి నగతో మన దుకాణమునకు వచ్చినపుడు వర్తకుడు ఒక్క మాట అడుగవచ్చును: "దీనిని విడిపించు మార్గమున్నదా? లేనిచో కొంత అమ్ముకొనుట నీకు లాభము." ఆ దినమున మనకు వడ్డీ కొంత తగ్గును. ఆ ఇల్లు నిలిచి, మరల పెండ్లికి నగలు కొనుటకు మన గడపకే వచ్చును.

సాధర్మిక వాత్సల్యమును మనము భోజనములతో సరిపెట్టరాదు. సంఘములోని కుటుంబమునకు ఉద్యోగము పోయినపుడు, పేరు బయటపెట్టకుండ మూడు నెలల ఇంటి ఖర్చు వడ్డీలేని బదులుగా ఇచ్చి, లెక్క వ్రాయుటకు ఒక అనుభవజ్ఞుని తోడు పంపుట నిజమైన వాత్సల్యము.

ఇంటిలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన ఇంటి అప్పులన్నియు ఒక్క కాగితముపై ఉన్నవా? ఆ కాగితము భార్యాభర్తలిద్దరును చూచినారా?
2. వానిలో ఎక్కువ వడ్డీ తినునది ఏది?
3. రేపు జీతము గాని, వ్యాపారము గాని ఆగినచో ఎన్ని నెలలు అప్పులేక గడుపగలము?
4. మనము ఇతరులకిచ్చిన అప్పులలో, తీసికొన్నవానికి అర్థము కాని షరతు ఏదైనను ఉన్నదా?

నాల్గవ ప్రశ్నకు "ఉన్నది" అని జవాబు వచ్చినచో, రాబోవు దీపావళికి కొత్త పుస్తకము తెరువకముందే ఆ షరతును కొట్టివేయవలెను.