ఎలక్ట్రిక్ కారు – పడిపోయే ఎంసీబీ



వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయని పదో తరగతిలో మనమంతా బట్టీ పట్టినవాళ్లమే. ఆ లెక్క నాకు పోయిన వేసవిలో పనికొచ్చింది.

మా నాన్న డ్రైవరు. ఆయన పనిచేసే ఇంటివాళ్లు ఎలక్ట్రిక్ కారు కొన్నారు. రాత్రి ఛార్జింగు పెడితే ముప్పావుగంటకు ఎంసీబీ పడిపోయేది. తెల్లారి బండి కదలకపోతే మాటలు పడేది నాన్న. ఎలక్ట్రీషియన్ చూసి, 16 ఆంపియర్లది తీసేసి 32ది వేద్దామన్నాడు. “నువ్వు ఫిజిక్సు కదరా, ఏమంటావ్?” అని నాన్న ఫోన్ చేశాడు. నా చదువు గురించి ఆయన అలా అడగడం అదే మొదటిసారి.

వద్దన్నాను. ఎంసీబీ కాపాడేది గోడలోని వైరును. అక్కడున్నది 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు. 32ది వేస్తే, తేడా వచ్చినప్పుడు వైరు కాలుతుంది గాని ఎంసీబీ పడదు. హాస్టల్లో ఫ్యూజుకు లావు తీగ చుట్టినవాళ్లకు (అందులో నేనూ ఉన్నాను) ఈ సంగతి తెలిసే ఉంటుంది.

ఛార్జరు 3,300 వాట్లు, మన కరెంటు 230 వోల్టులు. అంటే 14.3 ఆంపియర్లు, 16 లోపే. మరి ఎందుకు పడుతోంది? ఎంసీబీలో రెండు ఏర్పాట్లుంటాయి. షార్టయితే తీగచుట్ట అయస్కాంతమై వెంటనే లాగేస్తుంది. రెండోది రెండు లోహాల పట్టీ. అది వేడెక్కి, మెల్లగా వంగి, ఆలస్యంగా పడేస్తుంది. కాబట్టి ఎంతసేపటికి పడిందో ముందు గడియారం చూడాలి. ఇస్త్రీపెట్టె కాసేపే వాడతాం, కారు రాత్రంతా లాగుతుంది. పైగా ఎంసీబీ రేటింగు 30 డిగ్రీల వేడికి లెక్కగట్టింది. మన మే నెలలో, మూసిన పెట్టెలో, పడమటి గోడ మీద అంత చల్లగా ఎక్కడుంటుంది?

“పెట్టె ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది” అన్నాడు నాన్న. మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌తోనే విప్పించాం. స్క్రూ వదులై వైరు కొస నల్లబడి ఉంది. వదులైన చోట నిరోధం ఎక్కువ, వేడీ అక్కడే. కాలిన కొస కత్తిరించి, కొత్తది 16 ఆంపియర్లదే బిగించాడు. కారుకు విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగేదాకా, కారు సెట్టింగులో కరెంటు 10 ఆంపియర్లకు తగ్గించుకున్నారు. ఛార్జింగు నెమ్మదించింది గాని ఎంసీబీ మళ్లీ పడలేదు.

‘టి’ అనే టెస్టు మీట ఉన్న ఆర్‌సీసీబీ పడితే మాత్రం వెతకాల్సింది వేరు. ఇళ్లలో పెట్టేది 30 మిల్లీఆంపియర్లు లీకైతే చాలు, పడిపోతుంది. తడిసిన ప్లగ్గు, ఎలుక కొరికిన కేబులు కారణం కావచ్చు. కారుకు తగిలించకముందే పడితే లోపం ఛార్జర్లోనో వైరింగులోనో ఉంది. తగిలించాకే పడితే కేబులు, కారు వైపు చూపించాలి. ఆర్‌సీసీబీని తప్పించి డైరెక్టుగా కలిపేద్దామంటే మాత్రం ఒప్పుకోకండి. ఆ ఇంట్లో రోజూ తడిగుడ్డతో కారు తుడిచేది మా నాన్నే.