దాంపత్యం, దైవభక్తి రెండూ తెలిసిన సైకాలజిస్ట్: రాయలసీమకు కావాల్సిన కెరీర్

పెళ్లై ఏడాది దాటినా దంపతుల మధ్య శారీరక సంబంధం కుదరకపోతే కర్నూలు, కడప జిల్లాల్లో ఆ సంగతి మొదట డాక్టర్ దాకా పోదు. "ఎవురో ఏందో చేసినారు" అని పెద్దలు మంత్రాలయానికి మొక్కుకుంటారు, కడప పెద్ద దర్గాకు పోతారు, పాస్టర్‌తో ప్రార్థన చేయిస్తారు. ఉగాదికి దేవుని కడప వెంకన్నను ముస్లింలు కూడా దర్శించుకునే నేల ఇది. కష్టం వస్తే ఏ గడపైనా తొక్కుతారు. ఆ తర్వాత బస్టాండ్ గోడ మీది 'గుప్తరోగాలు' పోస్టర్ చూసి మందులు కొంటారు. సైకాలజిస్ట్ దగ్గరికి వచ్చేసరికి డబ్బూ ధైర్యమూ రెండూ అయిపోయి ఉంటాయి.

ఈ కుటుంబాల నమ్మకాన్ని చిన్నచూపు చూడకుండా శాస్త్రీయమైన వైద్యం అందించే సైకాలజిస్టులు ఇక్కడ చాలా అవసరం. సైకాలజీ చదవాలనుకునే విద్యార్థులు ఈ దారి గురించి గట్టిగా ఆలోచించాలి.

ముందు నడిచినవారు

తెలుగునాట ఈ విషయాలను బాహాటంగా మాట్లాడటం అలవాటు చేసింది విజయవాడకు చెందిన డాక్టర్ జి.సమరం. 'స్వాతి' వారపత్రికలో ఆయన శీర్షిక ఎందరి అపోహలనో పోగొట్టింది. ఆయన నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు. మతం వైపు నుంచి వచ్చినవారూ ఉన్నారు. అమెరికాలో విలియం స్టేటన్ బాప్టిస్టు మతబోధకుడు, సెక్స్ థెరపిస్ట్ కూడా. వైడెనర్ యూనివర్సిటీలో లైంగికతకు సంబంధించిన విద్యను బోధించారు. ఆస్తికులైనా నాస్తికులైనా ఈ వృత్తిలో రాణించవచ్చు. ఎదుటివారి నమ్మకం మీద గౌరవం మాత్రం తప్పనిసరి.

పని ఎలా ఉంటుంది?

అంగస్తంభన సమస్య, శీఘ్రస్ఖలనం, కలయికలో నొప్పి, భయం, కోరిక తగ్గడం... ఇలాంటివాటితో వస్తారు. ముందు షుగర్, బీపీ, హార్మోన్ల తేడా వంటి కారణాలు ఉన్నాయేమో డాక్టర్‌తో పరీక్ష చేయించాలి. తర్వాత ఇద్దరితో విడివిడిగా, కలిపి మాట్లాడాలి. అప్పుడు భక్తి గురించి కూడా అడగాలి: ఏ దీక్షలు తీసుకుంటారు? ముట్టు సమయంలో ఇంట్లో పాటింపు ఏమిటి? ఏది పాపమని చిన్నప్పుడు నేర్పారు?

ఆ జవాబులు చికిత్సకు నేరుగా పనికొస్తాయి. 1970లో పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్ రాసిన పుస్తకం ద్వారా ప్రపంచానికి తెలిసిన పద్ధతిలో దంపతులకు కొన్ని వారాలు సంభోగం వద్దని చెప్పి, స్పర్శతో చనువు పెంచే అభ్యాసాలు ఇస్తారు. భర్త 41 రోజుల అయ్యప్ప మాల వేసుకోబోతుంటే ఆ అభ్యాసాలు మాల తీశాకే మొదలుపెట్టాలి. రంజాన్ నెలలో పగటి ఉపవాసాన్ని బట్టి సమయం మార్చాలి. వ్రతనియమాలు తెలిసిన ఇంట్లో "కొన్నాళ్లు ఇది నియమం" అంటే ఇట్టే అర్థమవుతుంది, ఒత్తిడీ తగ్గుతుంది.

వీర్యం పోతే ప్రాణశక్తి పోతుందనే భయంతో నీరసపడే యువకులు మరో పెద్ద వర్గం. మానసిక వైద్యుడు డాక్టర్ ఎన్.ఎన్.విగ్ 1960లో దీనికి 'ధాత్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. హస్తప్రయోగం వల్ల బలం తరిగిపోదని చెప్పడం సైకాలజిస్ట్ పని. అది పాపమా కాదా అన్న తీర్పు ఆయన పని కాదు. ఆ విషయం ఆ యువకుడికి, అతని గురువుకు వదిలేయాలి.

దాటకూడని గీతలు

మన మతాన్ని క్లయింటు మీద రుద్దకూడదు. "కొట్టినా ఓర్చుకో, భర్తే దైవం" అనే సలహాకు క్లినిక్‌లో చోటు లేదు. హింస ఉంటే 181 మహిళా హెల్ప్‌లైన్, సఖి కేంద్రం దారి చూపాలి. స్వలింగ ఆకర్షణను 'మార్చేస్తాం' అనే చికిత్సను నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. పిల్లలపై లైంగిక నేరం తెలిస్తే పోక్సో చట్టం (2012) ప్రకారం ఫిర్యాదు చేయాల్సిందే. లైంగిక శక్తి పెంచుతామనే మందుల ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. మీ బోర్డు మీద అలాంటి హామీలు ఉండకూడదు.

ఏం చదవాలి?

ఇంటర్ తర్వాత సైకాలజీ ఒక సబ్జెక్టుగా డిగ్రీ, ఆపైన పీజీ చేయాలి. కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయం, తిరుపతిలోని ఎస్వీయూలో సైకాలజీ విభాగాలున్నాయి. క్లినికల్ సైకాలజిస్ట్ కావాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు చేసి, ఆ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఇన్నాళ్లూ ఇందుకు ప్రధాన మార్గం రెండేళ్ల ఎంఫిల్. బెంగళూరు నిమ్‌హాన్స్, సికింద్రాబాద్ స్వీకార్ వంటి సంస్థలు దీనికి పేరుపొందాయి. 2020 జాతీయ విద్యావిధానం తర్వాత ఎంఫిల్‌కు బదులు కొత్త కోర్సులు వస్తున్నాయి కాబట్టి, ఫీజు కట్టేముందు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో గుర్తింపు చూసుకోండి. నమోదు లేకుండా ప్రాక్టీస్ చేస్తే 1992 నాటి కౌన్సిల్ చట్టం కింద ఏడాది దాకా జైలుశిక్ష పడవచ్చు.

మన దేశంలో సెక్స్ థెరపిస్టుకు విడిగా లైసెన్స్ లేదు. అందుకే క్లినికల్ సైకాలజీ పునాది గట్టిగా ఉండాలి. దాని మీద దంపతుల చికిత్స, లైంగిక ఆరోగ్యంలో అనుభవజ్ఞుల పర్యవేక్షణలో శిక్షణ తీసుకోవాలి.

అవకాశాలు

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం, మెడికల్ కాలేజీ ఆసుపత్రులు, సంతాన సాఫల్య కేంద్రాలు, ఫ్యామిలీ కోర్టుల కౌన్సెలింగ్ పని దొరికే చోట్లలో ప్రధానమైనవి. సొంత క్లినిక్ మెల్లగా పుంజుకుంటుంది. గైనకాలజిస్టులు, యూరాలజిస్టులు మీమీద నమ్మకంతో పంపే కేసులే దానికి ఆధారం. విదేశాల్లోని తెలుగు దంపతులతో ఆన్‌లైన్‌లో మాట్లాడే వీలూ ఉంది, అయితే ఆ దేశపు నిబంధనలు ముందే తెలుసుకోవాలి.

ఇప్పుడే మొదలుపెట్టండి

శరీర భాగాల పేర్లు తడబడకుండా తెలుగులో చెప్పడం సాధన చేయండి. మీది కాని మతంలో పెళ్లి, శుచి, ఉపవాసం గురించి ఆ మతస్థులనే అడిగి తెలుసుకోండి. విన్న రహస్యాన్ని ఇంట్లో కూడా చెప్పకుండా ఉండగలరా అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. ఈ మూడింటికీ సిద్ధమైతే కోర్సుకు అప్లికేషన్ పెట్టండి. వేరే ఊరికి చదువుకోవడానికి వెళ్లినా తిరిగి వచ్చి ఇక్కడే క్లినిక్ తెరవండి. మిమ్మల్ని నమ్మి వచ్చే కుటుంబాలు ఇక్కడే ఉన్నాయి.